చాయమ్మ వదినగారి బేరం

చలికాలం, 118వ రోజు

నీళ్లు: కోటాలో సగానికి కొంచెం పైన. గాలి: మామూలే. తలుపుల రబ్బరు అంచులు తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ ఎర్రగా వచ్చింది. చలికాలంలోనే ఇంత దుమ్ము లోపలికి వస్తుంటే దుమ్ముకాలంలో ఎంత వస్తుందో ఆలోచించదలచుకోలేదు. గుడ్డ పిండి ఆరేశాను.

ఎర్రలంకలో ప్రతి ఇల్లూ ఇలా దినచర్య రాసి నెలాఖరుకి గాలి ఆఫీసులో ఇవ్వాలి. నీళ్లు, గాలి, మరమ్మతులు రాస్తే చాలు. నేను కొంచెం ఎక్కువ రాస్తాను. అక్కడ ఎవరూ చదవరని తెలిశాక ఇంకా ఎక్కువ రాస్తున్నాను.

ఈ రోజు ఓడ వేలం. రెండేళ్లకోసారి భూమి నుంచి వచ్చే ఓడ, దారిలో మూతపడ్డ స్టేషన్లలోంచి పాత సామాను ఏరుకొస్తుంది. ఇంకా దారిలో ఉండగానే జాబితా పంపుతుంది. సామాను కళ్లతో చూడడం ఉండదు, రాసింది నమ్మి పాట పాడడమే. మేం పాడింది ఒక్క వస్తువుకి. జాబితాలో ఇలా ఉంది: "ఆసుపత్రి వార్డులో వాడిన గాలి శుద్ధి యంత్రం. అతి సన్నని దుమ్మును సైతం ఆపును. కొద్ది గీతలు తప్ప మంచి స్థితి."

ఇది మా వారి కోసం. ఎర్రలంక కట్టిన కొత్తలో ఆయన బయట పైపులు వేశారు. అప్పటి దుమ్ము ఇప్పటికీ ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. క్రితం దుమ్ముకాలమంతా ఆక్సిజన్ మీద ఉన్నారు. "ఇంకోసారి మామూలు గదిలో గడిపితే తట్టుకోలేరు. శుభ్రమైన గాలి ఉన్న గది అయినా ఏర్పాటు చెయ్యండి, లేదా దుమ్ము తక్కువుండే లోయ ఊరికి పంపండి" అని డాక్టర్ మెహరున్నీసా చెప్పేశారు. లోయకు రోవరు బస్సులో ఎనిమిది రోజులు. క్రితంసారి అలా బయల్దేరిన ఇద్దరిలో ఒకరు దారిలోనే పోయారు. ఆ సంగతి ఇంట్లో ఎవరం పైకి అనుకోం.

పాట మాకే వచ్చింది. తర్వాత కిందికి దింపే చార్జీ దగ్గర బేరం. ఆ పని మా ఆడపడుచు చాయమ్మ వదినగారిది. మా వారికి అక్క, పక్కింట్లోనే ఉంటారు. విత్తనాల గదిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. బేరంలో ఆవిడను మించినవాళ్లు ఈ గ్రహం మీద లేరని మా గట్టు మీద, అంటే మా వరస ఇళ్లలో, అందరూ అంటారు. ఓడవాళ్లతో ఆవిడ బేరం నేను కళ్లారా చూసింది మాత్రం ఈ రోజే.

ఓడ ఇంకా చాలా దూరంలో ఉంది. మనం ఒక మాటంటే అది అక్కడికి చేరి జవాబు తిరిగి రావడానికి పన్నెండు నిమిషాలు. ఓడలో వేలం చూసే ఒలివేరా గారు చెప్పిన చార్జీ వినగానే వదినగారు మైకు దగ్గరికి వంగి, "అయితే వద్దులెండి బాబూ, మీ దగ్గరే ఉంచుకోండి" అని స్విచ్చి కట్టేశారు. "పదవే వేణీ, కందిపప్పులో రాళ్లు ఏరాలి."

నేను ఆవిడ వెనకే పరిగెత్తాను. "వదినగారూ, వాళ్లు నిజంగానే వద్దనుకుంటే?"

"కొట్టువాడికి మన వీపు కనబడితే ఎంత దూరం పోయామో చూసుకుని ధైర్యంగా కూర్చుంటాడు. వీడికి వీపు కనబడదు కదే. ఊరు దాటేశామనుకుంటాడు."

పప్పు ఏరి, నానబోసి, మళ్లీ రేడియో గదికి వెళ్లాం. ఒలివేరా గారి సందేశాలు మూడు ఉన్నాయి. ఒకదాని కంటే ఒకదానిలో చార్జీ తక్కువ. మూడోదానిలో అసలు చార్జీయే లేదు.

చలికాలం, 139వ రోజు

నీళ్లు: కోటాకి లోపలే. మరమ్మతులు: లేవు.

ఓడ నిన్న పైన కక్ష్యలోకి చేరింది. సామాను ఇవాళ దింపారు. మా పెట్టె తెచ్చి గది మధ్యలో పెట్టాం. మా వారు మంచం మీంచే చూస్తున్నారు. మూత తీయగానే ఒక వాసన గుప్పుమంది. ఏ ఆసుపత్రిలోనూ రాని వాసన.

వదినగారు లోపలికి చెయ్యి పెట్టి ఒక ఈక తీశారు. తెల్లది, చిన్నది. దీపానికి అడ్డంగా పట్టి చూశారు. "ఇదేం ఆసుపత్రే? కోళ్లకి పురుళ్లు పోసేదా?"

మా వారు నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆగేదాకా ఆయన వీపు రాస్తూ కూర్చున్నాను.

అయినా ఒక గంట నడిపి చూశాను. దీపాలు ఆర్పి టార్చి వేస్తే ఆ వెలుగుచారలో దుమ్ము ఎంత ఉందో తెలుస్తుంది. నడపక ముందు ఎంతో, నడిపాక అంతే. పెద్ద పెద్ద నలకలు ఆగాయి, సన్నదుమ్ము హాయిగా తిరుగుతోంది. మిషను మాత్రం గట్టిదే. శబ్దం లేదు, జాలీ సులువుగా ఊడి వస్తుంది, కడిగితే రెండు నిమిషాల్లో శుభ్రం. కోళ్ల గూటికి ఇంతకన్నా మంచిది దొరకదు. మాకు కోళ్లు లేవు.

చలికాలం, 140వ రోజు

పొద్దున్నే రేడియో గదికి. ఓడ నెత్తిమీదే ఉంది కాబట్టి జవాబులు వెంటనే వస్తున్నాయి. ఒలివేరా గారి మాటల్ని అక్కడి అనువాద మిషను తెలుగులోకి మారుస్తుంది. అది ఎక్కడ నేర్చుకుందో గానీ పాత కోర్టు కాగితంలా మాట్లాడుతుంది.

"తమరి బాధ మాకు అర్థమగుచున్నది."

"అర్థమగుచున్నదా? సంతోషం నాయనా. మరి మా తమ్ముడికి ఊపిరి ఎప్పుడు ఆడుచున్నది?"

దింపిన సరుకు తిరిగి పైకి ఎక్కించే వీలు లేదని, నిబంధన ప్రకారం సగం సొమ్ము వెనక్కి ఇస్తామని ఆయన చెప్పారు. నేను అదే మేలనుకుని కుర్చీ అంచుకి జరిగాను. వదినగారు నా మోకాలు మీద చెయ్యి వేసి ఆపారు.

"సొమ్ము నాకొద్దు. ఒక్కటి చెప్పండి. కోళ్ల మిషను మీద ఆసుపత్రి చీటీ అంటుకుందంటే, ఆసుపత్రి మిషను మీద ఏ చీటీ అంటుకుంది?"

అటునుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

నాకు అప్పుడు తట్టింది. ఆ జాబితాలో "పక్షుల గదికి గాలి మిషను" అని ఇంకొకటి ఉంది. జాబితా ఎర్రలంకలో అందరూ చూశారు, నేనూ చూశాను. రాత్రంతా మేలుకుని పోయిన సొమ్ము గురించి మథనపడ్డాను గానీ, మాకు రావలసిన మిషను ఈ ఊళ్లోనే ఎవరింట్లోనో ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆవిడ ఈక చూసినప్పుడే ఆ దారి పట్టినట్టున్నారు.

"కొనుగోలుదారు నామము తెలుపుట నిషిద్ధము" అన్నారు ఒలివేరా గారు. పైగా దిగిన సరుకు అందుకున్నవాళ్లదేనట, చీటీ మారినా సరే. ఇది ఎర్రలంక నిబంధన కూడా. గాలి ఆఫీసుకి వెళ్లి అడిగాను, నిజమే.

ఓడ సాయంత్రం బయల్దేరి వెళ్లిపోయింది.

చలికాలం, 143వ రోజు

నీళ్లు: కోటాకి మించి ఒక చెంబు. కారణం: దారంతా తిరిగొచ్చి కాళ్లు కడుక్కున్నాం.

మూడు రోజులుగా వదినగారు, నేను కోళ్లున్న ప్రతి ఇంటికీ గుడ్ల పేరుతో వెళ్తున్నాం. ఎర్రలంకలో కోళ్ల గూట్లోకి ఎవరైనా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే వెళ్తారు. గాలి బయటికి పోయే దారి లేని ఊరిది. ఇవాళ ఐదో గట్టు మీద నూకరాజు గారి గూట్లోకి అడుగు పెట్టిన వదినగారు కొంగు దించేశారు. నేనూ దించాను. పచ్చి కొత్తిమీర తప్ప ఏ వాసనా లేదు. కోళ్లు మెరుస్తున్నాయి. ఒక పుంజు అయితే మమ్మల్ని చూసి పెళ్లికొడుకులా మెడ సాచింది. గోడకి తెల్లటి మిషను, దాని మీద గీకేసిన ఎర్రటి ఆసుపత్రి గుర్తు.

ఇక్కడ వదినగారు ఒక పొరపాటు చేశారు. అది పొరపాటని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. ఆవిడ ఎప్పుడూ చేసేదే చేశారు. ఏది కొనాలన్నా ముందు దాన్ని దులిపేస్తారు. చింతపండు కొంటే పీచు అంటారు, బట్ట కొంటే వెలిసిందంటారు. కావాలన్న సంగతి కళ్లలో కూడా కనబడనివ్వరు.

"ఏంటి నూకరాజూ, ఈ డొక్కు తగిలించావు? నీకు అంటగట్టారా పాపం? మా ఇంట్లో అసలైన కోళ్ల మిషను ఒకటి పడుంది. నా దగ్గరుండి చేసేదేముంది, తెచ్చుకుని అది పెట్టుకో. దీన్ని నేను తీయించేస్తాలే."

నూకరాజు గారు గంప కింద పెట్టి ఆవిడ వైపు చూశారు. నిదానంగా మిషను ముందుకి వచ్చి నిలబడ్డారు.

"చాయమ్మగారూ, మీరు డొక్కు అన్నారంటే ఇది బంగారమేనండి. ఆయ్. ఇప్పటిదాకా నాకు తెలీలేదు గానీ ఇప్పుడు తెలిసింది."

"బంగారమా! అయ్యో రాత."

"గుడ్లు కావాలా అండీ?"

గుడ్లు తీసుకుని వచ్చేశాం. భయపెట్టే సంగతి, ఆవిడ గుడ్ల దగ్గర బేరమే ఆడలేదు.

చలికాలం, 147వ రోజు

రెండు రోజుల క్రితం వదినగారు ఓడకి కబురు పెట్టారు. పాత కాగితాలు వెతికి జవాబిస్తామన్నారు. ఈ రోజు వచ్చింది. ఆవిడ అడిగింది ఒక్కటే: ఆసుపత్రి మిషను జాలీలో ఈకలు పడితే ఏమవుతుంది?

"సూక్ష్మమైన జాలీ గనుక నూగు చిక్కినచో చిరుగును. కడుగుటకు వీలుకాదు. మారు జాలీ మా వద్ద లేదు. ఈ విషయమును అడుగక మునుపే మేము తెలుపవలసినది. క్షంతవ్యులము."

ఒలివేరా గారి మీద నాకున్న కోపం ఆ చివరి మాటతో సగం పోయింది. అంత దూరం వెళ్లిపోయాక, ఇక ఎవరూ ఏమీ చేయలేనప్పుడు, క్షమించమనాల్సిన అవసరం ఆయనకి లేదు.

అంటే అక్కడ ఉన్న ప్రతి రోజూ ఆ మిషను పాడవుతోంది. అది మాకూ పనికిరాదు, నూకరాజు గారికీ మిగలదు. క్రితం దుమ్ముకాలంలో ఆయన కోళ్లు సగం పోయాయి. ఆయన దాన్ని అలా హత్తుకోవడంలో తప్పు లేదు.

వదినగారు వెళ్లి ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన నవ్వారట. "నిన్న డొక్కు, ఇవాళ చిరుగు. రేపు పేలిపోద్దంటారా అండీ?"

నేను వెళ్లాను. ఓడ జవాబు ముద్రించి తీసుకెళ్లి చూపించాను. మర్యాదగా చదివి వెనక్కి ఇచ్చారు. "సత్యవేణిగారూ, మీరు అబద్ధమాడరు, నాకు తెలుసు. కానీ ఆవిడ పంపితే వచ్చారు. ఆవిడ ఓడవాడి చేత చార్జీయే మాన్పించింది. ఒక చీటీ రాయించలేదంటారా?"

ముప్పై ఏళ్లు ఊరంతా మెచ్చుకున్న నేర్పు ఇప్పుడు ఆవిడ నోటికే అడ్డం పడింది.

ఇంటికొచ్చి చెబితే మా వారు కళ్లు మూసుకుని విన్నారు. "వాడి కోళ్ల మీద పడకండే. నేను లోయకి వెళ్తాను. బస్సెప్పుడు?"

"ఐదు రోజుల్లో" అన్నాను. ఆయన బట్టలు తీసి మడత పెట్టడం మొదలుపెట్టాను. చేతులకి ఏదో పని కావాలి.

వదినగారు గుమ్మంలో నిలబడి ఆ మడతలు చూశారు. "ఒరేయ్ పేర్రాజూ, ఆ చలికోటు నీకు పొడుగు" అని మాత్రం అని వెళ్లిపోయారు.

చలికాలం, 151వ రోజు

బస్సు రేపు. పెట్టె సర్దడం పూర్తయింది. మెహరున్నీసా గారు దారికి మందులు ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇవాళ గుడ్ల సంత. ఐదో గట్టు చివర నూకరాజు గారు గంప పెట్టుకుని కూర్చుంటారు, ఊరంతా వస్తుంది. వదినగారు నన్ను వెంట రమ్మన్నారు. మంచి చీర కట్టుకున్నారు. ఆవిడను చూడగానే వరసలో ఉన్నవాళ్లు దారి ఇచ్చారు. ఈ బేరం చూడాలని అందరికీ ఉంది.

"రండి చాయమ్మగారూ" అన్నారు నూకరాజు గారు. ఆయనా సిద్ధంగానే ఉన్నారు. "ఇవాళ ఏం వంక తెచ్చారు?"

ఆవిడ నేల మీద, గంపకి ఎదురుగా కూర్చున్నారు. మోకాళ్ల నొప్పితో ఎక్కడా నేల మీద కూర్చోని మనిషి.

"ఏ వంకా లేదు. నీ మిషను చాలా మంచిది నూకరాజూ. నువ్వు పెట్టిన దానికి మూడింతలు చేస్తుంది. అలాంటిది ఈ ఊళ్లో ఇంకోటి లేదు. మళ్లీ ఓడ వచ్చేదాకా రాదు."

వరసలో ఎవరో "అదేంటి" అన్నారు.

"అది నాకు కావాలి" అన్నారు వదినగారు. "మా తమ్ముడికి ఊపిరాడదు. రేపు బస్సెక్కిస్తున్నాం. దారిలో ఏమవుతుందో నాకు తెలుసు, నీకూ తెలుసు. నా దగ్గర ఎంతుందో చెప్పేస్తాను. అంతా తీసుకో. కోళ్ల మిషనూ తీసుకో, అది కూడా మంచిదే, అబద్ధం చెప్పను. ఇంకేం కావాలో నువ్వే చెప్పు. నేను తగ్గించమని అడగను."

ఆవిడ తన దగ్గరున్న మొత్తం పైకి చెప్పేశారు. అందరి ముందూ. ఆ అంకె నాకు కూడా అప్పటిదాకా తెలియదు.

నేను ఈవిడను ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. మెచ్చుకోవడానికి ఈవిడలో చాలా ఉంది. ఊరు దాటేశామని ఓడవాళ్లని నమ్మించిన నేర్పు ఉంది, ఈకని చూసి రెండో చీటీని పట్టుకున్న తెలివి ఉంది. కానీ చేతిలో ఉన్న పేకముక్కలన్నీ తిప్పి నేల మీద పరిచేసి, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ కూర్చున్నప్పుడు ఆవిడ కనబడినంత పెద్దగా నాకు ఎప్పుడూ కనబడలేదు.

నూకరాజు గారికి ఏం చెయ్యాలో తెలియలేదు. బేరానికి సిద్ధమై వచ్చిన మనిషి. ఒక గుడ్డు తీసి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"మరి ఆ జాలీ చిరుగుద్దన్నది కూడా..."

"నిజమే."

"ఇదేంటండీ బాబూ. మొదటిరోజే ఈ మాట చెప్పొచ్చు కదండీ."

"చేతకాలేదు నూకరాజూ."

ఆయన గుడ్డు గంపలో పెట్టేశారు. "నాకు మీ డబ్బులొద్దండి. మిషనుకి మిషను. కానీ ఒక్క షరతు. ఇక ముందు నా గుడ్ల దగ్గర మీరు బేరం ఆడకూడదు. నేనెంత అంటే అంత. ముప్పై ఏళ్లుగా మీ చేతిలో నలిగిపోతున్నానండి."

జనం గొల్లున నవ్వారు. వదినగారు నవ్వలేదు. ఒక్క క్షణం ఆవిడ పెదవులు కదిలాయి. లోపల ఎన్ని మాటలు వచ్చి వెనక్కి వెళ్లాయో.

"సరే" అన్నారు.

మధ్యాహ్నానికల్లా మిషన్లు మారాయి. జాలీలో ఒక మూల నూగు పట్టింది, పట్టకారుతో ఒక్కొక్కటీ తీశాను. చిరుగు లేదు. గది మూసి గంటసేపు నడిపి, దీపాలు ఆర్పి టార్చి వేశాను. వెలుగుచార దాదాపు కనబడలేదు. మెహరున్నీసా గారు వచ్చి తన పరికరంతో కొలిచి, పెట్టె విప్పెయ్యమన్నారు. బస్సు సీటు రద్దు.

దుమ్ముకాలం, 3వ రోజు

నీళ్లు: కోటాకి లోపలే. తలుపు అంచులు రెండుసార్లు తుడిచాను. బయట మధ్యాహ్నం కూడా చీకటి ఎరుపు. గది లోపల టార్చి వేస్తే ఏమీ లేదు. మా వారు రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు. నేనే నాలుగుసార్లు లేచి ఆయన శ్వాస విన్నాను.

వదినగారు నడవ దారిలోంచి ఐదో గట్టుకి వెళ్లి గుడ్లు తెచ్చారు. తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, గోడ వైపు చూస్తున్నారు.

"ఎంతట?" అడిగాను.

చెప్పారు. మామూలు ధరకి రెండింతలు.

"ఇచ్చేశారా?"

"మాటిచ్చాను కదే."

ఇంతలో తలుపు కొట్టిన చప్పుడు. నూకరాజు గారు, ఆయాసపడుతూ. చేతిలో డబ్బు టోకెన్లు. "అమ్మా, ఇవి పట్టండి. రెండింతలు చెప్పాను. ఊరికే అన్నానండి, మీరు ఏమంటారో చూద్దామని."

"ఎంతంటే అంత అన్నావు కదా. మాట మాటే."

"అదికాదండీ! మీరు గమ్మున డబ్బులు పెట్టేసి వెళ్లిపోతే గుడ్లు అమ్మినట్టే లేదండి నాకు. ఏదో పోగొట్టుకున్నట్టుంది. కనీసం చిన్నవి అనండి, పోనీ."

"చిన్నవి కావు. బాగున్నాయి."

"ఒక్కసారి అనండి చాయమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను!"

"నేను అనంటే అనను."

మంచం మీంచి మా వారు నవ్వడం మొదలుపెట్టారు. నూకరాజు గారు తలుపు దగ్గర టోకెన్లు చాచి, వదినగారు కుర్చీలో చేతులు వెనక్కి పెట్టుకుని. అది చూస్తూ ఆయన పెద్దగా, పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేను అలవాటు కొద్దీ గ్లాసులో నీళ్లు పోసి, దగ్గు వచ్చేటప్పటికి అందిద్దామని మంచం పక్కన నిలబడ్డాను.

నవ్వు అయిపోయింది. ఆయన కళ్లు తుడుచుకుని, "అక్కా, ఒక్కసారి అనేయవే, పాపం" అన్నారు.

దగ్గు రాలేదు. కాసేపు అలాగే నిలబడి, ఆ నీళ్లు నేను తాగేశాను.